జ్యూస్ నుండి లుమ్మా వరకు: సమాచార చోర ప్రోగ్రాముల నడతలో మార్పు

2007లో వెలుగుచూసిన జ్యూస్ కంప్యూటరులో తిష్ఠ వేసి, వాడుకరి బ్యాంకు పేజీ తెరిచేదాకా కాచుకొనేది. 2020 నాటి రెడ్‌లైన్‌కు అంత ఓపిక అక్కరలేదు. బ్రౌజరులో భద్రపరచిన పాస్‌వర్డులను, కుకీలను కొద్దిసేపట్లోనే మూటగట్టి పంపేస్తుంది. అసలు మలుపు కుకీల చోరీయే. ఓటీపీ పరీక్ష దాటిన లాగిన్‌కు గుర్తు కుకీ. దానితో ప్రవేశించిన దొంగకు మళ్ళీ ఓటీపీతో పని ఉండకపోవచ్చు. పాస్‌వర్డు మార్చినా, పాత సెషన్లు రద్దు కాకుంటే అతడు లోపలే ఉండగలడు.

2025 మార్చి 16 – మే 16 మధ్య లుమ్మా సోకిన విండోస్ కంప్యూటర్లు 3,94,000కు పైగా అని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. ఈ లెక్క యంత్రాలది. జహీరాబాద్ వంటి పట్టణంలోని నెట్ సెంటరులో ఒకే కంప్యూటరుపై ఎందరో విద్యార్థుల ఈ-పాస్ ఉపకారవేతన దరఖాస్తులు నింపి, పాస్‌వర్డులు బ్రౌజరులోనే వదిలేస్తే, ఆ ఒక్క యంత్రంతో పోయే ఖాతాలెన్నో అందులో కనబడవు.