కవచాలు చెప్పిన నిజం: ఎనిమిదవ హెన్రీ అనారోగ్య చరిత్ర

ఎనిమిదవ హెన్రీ అనగానే మనలో చాలామందికి ఆరుగురు భార్యలు, పోప్‌తో తగాదా, ఇంగ్లండు చర్చి గుర్తుకొస్తాయి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నకు అవి సరిపోయేవి. ఆయన బొమ్మ కూడా అందరికీ తెలిసినదే. కాళ్లు ఎడంగా పెట్టి, భుజాలు విప్పార్చి, ఎదుటివాణ్ణి తినేసేలా చూస్తూ నిలబడి ఉంటాడు. 1537లో హన్స్ హోల్బీన్ వైట్‌హాల్ రాజభవనం గోడ మీద చిత్రించిన బొమ్మకు అవన్నీ నకళ్లు. అసలు చిత్రం 1698లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అయినా ఐదు వందల ఏళ్లుగా లోకం హెన్రీని ఆ చిత్రకారుడు చూపించినట్టే చూస్తోంది.

ఆ బొమ్మలో కనిపించనిది ఒకటుంది. అప్పటికే ఆ కాళ్లలో మానని పుండు ఉంది. అంతకు ముందు ఏడాదే గుర్రం మీద నుంచి పడి ఆయన చావు తప్పించుకున్నాడు. చిత్రకారులు రాజు మెచ్చేలా గీశారు, రాయబారులు తమ ప్రభువులు వినదలచుకున్నట్టు రాశారు. కవచం తయారుచేసే కమ్మరికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. కొలత తప్పితే కవచం ఒంటికి పట్టదు. అందుకే హెన్రీ శరీరం గురించి అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం ఆయన ఉక్కు కవచాలే.

1509లో, పద్దెనిమిదేళ్లు నిండకముందే, హెన్రీ సింహాసనమెక్కాడు. ఆరడుగులు దాటిన మనిషి. విలుకాడు, మల్లుడు, వేటగాడు, టెన్నిస్ ఆటగాడు. పాటలు కట్టేవాడు, లాటిన్, ఫ్రెంచి మాట్లాడేవాడు. వెనిస్ నుంచి వచ్చిన రాయబారులు ఐరోపాలో ఇంత అందమైన రాజును చూడలేదన్నట్టు రాశారు. పునరుజ్జీవన యుగం కలలుగన్న సంపూర్ణ పురుషుడు ఇతడేనని ఎందరో అనుకున్నారు. ఆ యౌవనంలో చేయించిన కవచాన్ని కొలిస్తే నడుము 35 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. 1540లో, నలభై తొమ్మిదో ఏట చేయించిన కవచం నడుము 50 అంగుళాలు దాటింది. ఈ రెండూ లండన్ టవర్‌కు చెందినవే. ఇంగ్లండులో స్థిరపడ్డ మన పూర్వవిద్యార్థులు పిల్లలతో వెళ్లి, పక్కపక్కన పోల్చి చూడదగ్గవి.

మధ్యలో ఏం జరిగింది? ఒక్కరోజులో జరిగింది కాదు. 1514లో మశూచి వచ్చి తగ్గింది. 1521 నుంచి మలేరియా జ్వరం పట్టుకుని, ఏళ్ల తరబడి వచ్చిపోతుండేది. 1524 మార్చిలో గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకొచ్చి బల్లేలతో పొడుచుకునే పోటీలో, ముఖకవచం కిందికి దించుకోవడం మరచాడు. ప్రాణస్నేహితుడు చార్లెస్ బ్రాండన్ బల్లెం శిరస్త్రాణానికి తగిలి ముక్కలైంది. మరుసటి ఏడాది వేటలో గడకర్ర సాయంతో కాలువ దాటబోతే కర్ర విరిగి తలకిందులుగా బురదలో కూరుకుపోయాడు. ఎడ్మండ్ మోడీ అనే సేవకుడు దూకి పైకి లాగకపోతే ఇంగ్లండు చరిత్ర అక్కడితో వేరే దారి పట్టేది.

కాలి పుండు 1528 ప్రాంతంలో మొదలైంది. థామస్ వికరీ అనే శస్త్రవైద్యుడు దాన్ని మాన్పి రాజు అభిమానం సంపాదించాడు. కానీ అది పూర్తిగా మానలేదు. తరువాత రెండు కాళ్లకూ పాకింది. ఉబ్బిన సిరల వల్ల వచ్చిన వ్రణమని కొందరు, పాత దెబ్బల వల్ల ఎముకకు చీము పట్టిందని కొందరు వైద్యచరిత్రకారుల అభిప్రాయం. పుండు కారుతున్నంత కాలం రాజు ఎలాగో తిరిగేవాడు. పైపొర మూసుకుపోతే మాత్రం లోపల చీము నిలిచిపోయి ప్రాణం మీదికి వచ్చేది. 1538 మేలో అలాగే జరిగింది. ముఖం నల్లబడి, మాట పడిపోయి, దర్బారులో వారసత్వం గురించి గుసగుసలు మొదలయ్యాయి. 1541లో మళ్లీ అదే పరిస్థితి. చిన్న రాణి క్యాథరిన్ హోవర్డ్‌ను కూడా కొన్నాళ్లు దగ్గరికి రానివ్వలేదు.

ఇక 1536 జనవరి 24. గ్రీనిచ్ క్రీడాస్థలంలో కవచం తొడిగిన గుర్రం, కవచం తొడిగిన రాజు కలిసి కూలిపోయారు. ఆయన వయసు 44. మళ్లీ ఎన్నడూ ఆ పోటీలో దిగలేదు. బరువు పెరగడానికి అసలు మలుపు ఇదే. రోజూ గంటల తరబడి గుర్రపుస్వారీ, టెన్నిస్ అలవాటున్న మనిషికి ఒక్కసారిగా ఆటలు తగ్గాయి, భోజనం తగ్గలేదు. హాంప్టన్ కోర్ట్ వంటశాలలు రోజుకు రెండు పూటలా వందలమందికి వండేవి. మాంసం, చేపలు, బీరు, ద్రాక్షసారా వాటిలో ముఖ్యం. కూరగాయలు పేదవాడి తిండి అని చిన్నచూపు. నడవలేని కాలు, కదలని శరీరం, నిండిన పళ్లెం. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో మనలో షుగరు మాత్రలు వేసుకుంటున్నవారికి వివరించనక్కర్లేదు. హెన్రీకీ మధుమేహం ఉండి ఉంటుందని ఊహించినవారున్నారు. అప్పటి వైద్యానికి దాన్ని కనిపెట్టే పరీక్ష లేదు. సుఖవ్యాధి అనే పాత కథకు మాత్రం ఆధారం బలహీనం. ఆ రోజుల్లో ఆ రోగానికి పాదరసం వాడేవారు. రాజవైద్య పద్దుల్లో ఆయనకు ఆ చికిత్స చేసిన జాడ లేదు.

వైద్యం పట్ల హెన్రీకి శ్రద్ధ లేకపోలేదు. 1518లో లండన్‌లో వైద్యుల కళాశాలకు అనుమతిపత్రం ఇచ్చింది ఆయనే. 1540లో మంగలివారిని, శస్త్రవైద్యులను ఒకే సంఘంగా కలిపిన చట్టం ఆయన కాలంలోదే. తన పుళ్లకు తానే లేపనాలు కలిపేవాడు. ఆ మందుల జాబితా రాతప్రతి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నొప్పితో వేగిపోతున్న మనిషి, రాజైనా సరే, రోలు కల్వం ముందేసుకుని కూర్చున్న దృశ్యం ఊహించుకుంటే జాలి కలుగుతుంది.

అయితే ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. తలకు తగిలిన దెబ్బే, కాలి నొప్పే ఆయన్ని క్రూరుణ్ణి చేశాయా? ఈ మధ్య ఈ వాదన బాగా ప్రచారంలోకి వచ్చింది. 1536 ప్రమాదంలో రెండు గంటలు స్పృహలో లేడనీ, లేచినవాడు వేరే మనిషనీ అంటారు. మే 19న రెండో భార్య ఆన్ బొలీన్ తల తెగిపడింది కదా అని దానికి ముడిపెడతారు. కానీ ఆ రెండు గంటల మాట రోమ్ నుంచి రాసిన ఒక ఉత్తరంలోది. లండన్‌లోనే ఉన్న చక్రవర్తి రాయబారి చపుయీ రాజు బతకడమే అద్భుతమంటూనే, గాయమేమీ కాలేదని రాశాడు. అదీగాక, తండ్రి దగ్గర పనిచేసిన మంత్రులు ఎంప్సన్, డడ్లీలకు 1510లో, బకింగ్‌హామ్ ప్రభువుకు 1521లో మరణశిక్ష పడింది. సర్ థామస్ మోర్ తల తీయించింది 1535లో. ఇవన్నీ ఆ ప్రమాదానికి ముందువే. కాబట్టి స్వభావం ముందునుంచీ ఉంది. నొప్పి దానికి ఆజ్యం పోసి ఉండవచ్చు. రోగం చిరాకుకు కారణం చెబుతుందేమో గానీ, ఉరికంబాలకు సాకు కాలేదు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్నారు మనవాళ్లు. ఆ తలపును ఆపగలిగే మనిషి, చట్టం లేకపోవడమే అసలు జబ్బు.

1544లో 53 ఏళ్ల హెన్రీ ఫ్రాన్సు మీదికి స్వయంగా దండెత్తి బులోన్ నగరాన్ని ముట్టడించాడు. సెప్టెంబరులో అది లొంగింది. అప్పుడు వాడినదని భావిస్తున్న కవచం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అదే చివరి ఉత్సాహం. ఆపైన రాజభవనంలోనే ఒక గది నుంచి ఇంకో గదికి కుర్చీలో మోసుకెళ్లవలసి వచ్చింది. సంతకానికి కూడా ముద్ర తయారుచేశారు. కాగితం మీద దాన్ని నొక్కితే పడిన గాడిలో సిరా నింపేవారు. వీలునామా మీద పడింది కూడా ఆ ముద్రే. దాంతో, అది నిజంగా రాజు మాటేనా అన్న వాదం తరువాత చాలాకాలం నడిచింది.

1547 జనవరిలో అంత్యకాలం దగ్గరపడింది. మాటతోనైనా రాజు శరీరానికి కీడు తలపెట్టడం 1534 చట్టం ప్రకారం రాజద్రోహం. రాజు చావు గురించి మాట్లాడడమూ దాని కిందికే వచ్చేలా ఉండడంతో వైద్యులు నోరు విప్పలేదు. ఆఖరికి సర్ ఆంథొనీ డెన్నీ అనే ఆంతరంగికుడు ధైర్యం చేసి చెప్పాడు. ఆర్చిబిషప్ క్రాన్మర్ వచ్చేసరికి రాజుకు మాట లేదు, ఆయన చెయ్యి మాత్రం గట్టిగా నొక్కాడంటారు. జనవరి 28న హెన్రీ కన్నుమూశాడు. వయసు 55. ఆ ఉదయమే తల తెగవలసిన నార్ఫోక్ ప్రభువు, రాజు చావడంతో బతికిపోయాడు. తొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ రాజయ్యాడు. కొడుకు కోసం అన్ని కాపురాలు కూల్చిన తండ్రి, ఆ కొడుకు ఎదగడం చూడకుండానే పోయాడు.

విచిత్రంగా, హెన్రీ పట్టాభిషిక్తుడైన 1509లోనే ఇక్కడ విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కాడు. ఆయన ముఖం మీదా మశూచి మచ్చలున్నాయని, కాస్త స్థూలకాయుడేనని పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. అయితే తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడనీ ఆయనే రాశాడు. రాయలు 1529లో పోయాడు. వ్యాయామం చేసినవారంతా దీర్ఘాయుష్మంతులవుతారని చరిత్ర హామీ ఇవ్వదు.

అయినా మన వయసువాళ్లం హెన్రీ కథ నుంచి తీసుకోదగ్గ మాట ఒకటుంది. ఆయన చుట్టూ దేశంలోకెల్లా మంచి వైద్యులున్నారు, ఖర్చుకు లోటు లేదు. నిజం చెప్పగల నోరు మాత్రం లేదు. "ఏరా, ఒళ్లు పెంచావు, బీపీ చూపించుకున్నావా?" అని మొహం మీదే అడిగే బెంచీమేటు ఒక్కడూ ఆయనకు దొరకలేదు. ఈ స్వర్ణోత్సవంలో మనకు అలాంటివాళ్లు బోలెడుమంది కలుస్తారు. అడిగితే కోపం తెచ్చుకోకండి.