మోటారు పందెములు – యువసారథుల పరీక్ష



ఆస్ట్రేలియా దేశమున మోటారు పందెములను గూర్చి పత్రికలలో వ్రాయుచుండిన మైక్ కేబుల్ అను విలేఖరి 2000వ సంవత్సరమున కాలధర్మము నొందెను. అతని పేర, ఆ దేశపు టూరింగు కార్ల పందెములలో రాణింపగలడని తోచిన యువసారథికి 'యంగ్ గన్' అను బహుమాన మిచ్చుచున్నారు. చిచ్చరపిడుగు అని మనము చెప్పుకొనవచ్చును. గెలిచినవానిని మెచ్చుట సులభము. ముందు గెలువగలవానిని గుర్తించుట యెంత కష్టమో బడిపంతులునైన నాకు కొంత తెలియును.

టూరింగు కారనగా వీధిలో తిరుగు కారు రూపమే గలిగి, లోపల మిక్కిలి బలమైన యంత్రము గలది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున బాథర్స్ట్ పట్టణము చెంత మౌంట్ పనోరమా అను కొండ కలదు. దానినెక్కి దిగు బాట 6 కిలోమీటర్లకు పైబడినది. తక్కిన దినములలో ఎల్లరును తిరుగు బాటయే. 1963 నుండి అచట జరుగుచున్న మహాపందెము 1973లో 1000 కిలోమీటర్లాయెను. 161 మారులు చుట్టవలెను. ఇద్దరు సారథులు వంతులవారీగా ఒకే కారును నడుపుదురు.

1994లో ఆ పందెమున క్రెయిగ్ లౌండ్స్ అను 20 ఏండ్ల పిల్లవాడు, ఆరితేరిన జాన్ బో వెనుక వచ్చుచుండెను. కొండ యెక్కుచోట గ్రిఫిన్స్ బెండ్ అను మలుపు. అచట లోపలి వంకనుండి దాటుటయే వాడుక. వెలుపలి వంక దూర మెక్కువ, నేలపై చక్రములకు పట్టు తక్కువ. లౌండ్స్ ఆ వెలుపలి వంకనుండియే బోను దాటిపోయెను! పిదప బో మరల ముందునకు వచ్చి గెలిచెను. పిల్లవాని జట్టునకు రెండవ స్థానము దక్కెను. ఐనను జనుల నోట నిలిచినది పిల్లవాని సాహసమే. రెండేండ్లకు, 1996లో, లౌండ్స్ జాతీయ విజేత యయ్యెను; బాథర్స్టునను గెలిచెను.

ఇట్టివానిని గుర్తించుటకు పరీక్షకు లక్కరలేదు. చిక్కంతయు రెండవవాని కథలో నున్నది. జేమీ వింకప్ 2003లో, తానును 20 ఏండ్లవాడై, మొదటిసారి ఏడాది పొడుగున పందెములాడెను. ఫలితములు చాలకపోయెను. ఏడాది ముగియగనే బృందమువారు తొలగించిరి. 2004లో దూరపు పందెములలో మాత్రమే చోటు దొరికెను. లోపము కారుదా, కుఱ్ఱవానిదా? భారత యుద్ధమున రథికుడు వేరు, సారథి వేరు. ఎవరి పాలు వారికి పంచవచ్చును. ఇచట ఇద్దరును ఒక్కడే, గుఱ్ఱములు మాత్రము పరులవి. ఒక్క యేటి లెక్కతో వానిని తూచినవారు తొందరపడిరనియే నా తలంపు.

2005లో మరియొక బృందము వానిని చేరదీసెను. 2006లో వేరొక బృందమున చేరి, ఆ యేటి ఆరంభముననే ఆడిలైడు నగరమున గెలిచెను. 2008 మొదలు 2017 లోపల ఏడు మారులు జాతీయ విజేత యయ్యెను.

ఆ 2006 సెప్టెంబరులోనే, బాథర్స్టున తొమ్మిది మారులు గెలిచిన పీటర్ బ్రాక్ మరియొక పందెమున కారు ప్రమాదమున మరణించెను. అతడు లౌండ్స్‌కు గురుతుల్యుడు. మరుసటి నెల బాథర్స్టున బ్రాక్ పేర నూతనముగా నెలకొల్పిన కప్పును మొట్టమొదట అందుకొన్నవారు ఒకే కారును పంచుకొన్న లౌండ్స్, వింకప్‌లు.