పసిపిల్లల కడుపునొప్పి, తలనొప్పి

మూడు నాలుగేండ్ల బిడ్డ కడుపునొప్పి యని యేడ్చినప్పుడు తల్లి పొట్ట తడిమి చూచును. వైద్యుడును అట్లే చూచును. అచట ఏ దోషమును కనిపించనిచో అది నటన యని పెద్దలు నిశ్చయించుట పరిపాటి. కారణము కంటికి కనిపించకపోయినను నొప్పి నిజమైనది కావచ్చునని వైద్యశాస్త్రము గ్రహించుటకు చాలకాలము పట్టినది.

1882లో శామ్యూల్ గీ అను ఆంగ్ల వైద్యుడు 9 మంది పిల్లలను గూర్చి వ్రాసెను. వారి వయస్సు నాలుగు మొదలు ఎనిమిదేండ్లు. వారికి కొంతకాలమున కొకసారి విడువని వాంతులు వచ్చుచుండెను. నడుమ దినములలో వారు ఆరోగ్యముగనే యుండిరి. 1933లో వైలీ, ష్లెసింజర్ అను ఇరువురు వైద్యులు, మరల మరల వచ్చు కడుపునొప్పి, తలనొప్పి, వాంతులు, జ్వరము అనువానిని ఒక కుటుంబమునకు చెందిన బాధలుగా పరిగణించిరి. తలకును కడుపునకును గల సంబంధము ఆనాడే వైద్యుల దృష్టికి వచ్చినది.

అయితే ఇవన్నియు వైద్యుని వద్దకు వచ్చిన పిల్లల కథలే. ఆసుపత్రికి రాని పిల్లల సంగతి యేమి? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారు బ్రిస్టల్ నగరమునకు చెందిన జాన్ ఆప్లే, నోరా నైష్ అనువారు. వీరు బడులకు పోయి 1000 మంది పిల్లలను విచారించి, తమ ఫలితములను 1958లో ప్రకటించిరి. మూడు నెలలకు తగ్గని కాలములో కనీసము మూడుమారులు వచ్చి, ఆటపాటలకు అడ్డు తగిలిన నొప్పిని మాత్రమే వారు లెక్కలోనికి తీసికొనిరి. అట్టి కడుపునొప్పి గలవారు నూటికి సుమారు 11 మంది! వారి తల్లిదండ్రులలోను, తోబుట్టువులలోను ఇట్టి నొప్పులు ఇతర కుటుంబములలో కంటె చాల హెచ్చుగా కానవచ్చినవి. ఆసుపత్రిలో క్షుణ్ణముగా పరీక్షించిన పిల్లలలో శరీరావయవ దోషము దొరికినది నూటికి పదిమంది లోపు వారియందే. నొప్పి బొడ్డునకు ఎంత దూరముగ నున్న, అవయవ దోషము ఉండుటకు అంత హెచ్చు అవకాశమని ఆప్లే సూచించెను.

తలనొప్పిని గూర్చి ఇట్టి గణనను స్వీడను దేశమునందలి ఉప్సాలా నగరములో బో బిల్లే చేసెను. 1962లో ఆయన ప్రకటించిన గ్రంథమునకు ఆధారము 7 మొదలు 15 ఏండ్ల వయస్సు గల 8,993 మంది పిల్లలు. వారిలో నూటికి సుమారు 4 గురికి పార్శ్వపునొప్పి కలదు. ఏడేండ్లు నిండునాటికే పెక్కుమంది పిల్లలు తలనొప్పి నెరుగుదురని కూడ ఆయన చూపెను. అనగా ఈ బాధ బడిలో పుట్టినది కాదు. బడికి రాకముందే మొదలైనది.

ఆ తొలి వయస్సును పరిశోధకులు ఆలస్యముగా తాకిరి. 1987లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, మూడేండ్ల పిల్లలలో నూటికి సుమారు 9 మందికి కడుపునొప్పియు, 3 గురికి తలనొప్పియు కలవని తల్లులు చెప్పిరి. కడుపునొప్పి గల పిల్లల యిండ్లలో తల్లి దిగులు, ఇంటి కలతలు హెచ్చుగా నుండెను. రెండు విషయములు కలసి కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని తీర్మానింపరాదు.

ఇచట ఒక చిక్కు కలదు. లెక్కలోనికి వచ్చినది తల్లి గమనించిన నొప్పి. బిడ్డ అనుభవించిన నొప్పి కాదు. ఈ వయస్సు పిల్లలకు నొప్పి యున్న చోటు సరిగా చెప్పుట రాదు. గొంతు వాచినను, ఊపిరితిత్తులకు జబ్బు చేసినను బిడ్డ పొట్టనే చూపవచ్చును. తల నొచ్చినప్పుడు మాటలేక ఆట మాని, వెలుతురు నుండి మొగము త్రిప్పుకొని పడుకొనవచ్చును. కావుననే 1980 దశకపు తొలి యేండ్లలో అమెరికాలో డొన్నా వాంగ్, కానీ బేకర్ అనువారు నవ్వు మొగము మొదలు ఏడ్పు మొగము వరకు ఆరు బొమ్మలు గీయించి, ‘నీ నొప్పి యెట్టిది?’ అని పిల్లలనే అడుగు పద్ధతిని కల్పించిరి.

పేగులకును మెదడునకును నాడుల ద్వారా నిరంతరము వార్తలు నడచుచుండునని నేడు తెలిసినది. కొందరి నాడులు సామాన్యమైన కదలికను సైతము నొప్పిగా తెలుపును. కనుక పరీక్షలో ఏమియు దొరకకున్నను బిడ్డ అబద్ధమాడుచున్నదని అనరాదు. అట్లని ప్రతి నొప్పిని ఉపేక్షింపనురాదు. నిద్రనుండి లేపు నొప్పి, తెల్లవారుజామున వాంతితో వచ్చు తలనొప్పి, తడబడు నడక, బరువు తగ్గుట, జ్వరము, మలములో రక్తము - వీనిలో ఏది కనిపించినను వెంటనే వైద్యునికి చూపవలెను.

రోగిని నమ్మి వినుట, విన్నదానిని లెక్కించి పరీక్షించుట - ఈ రెండును కలిసినప్పుడే మాటలు చాలని బిడ్డ బాధ శాస్త్రమునకు తెలియవచ్చినది.