కెప్టెన్‌కి ఓటు

1832లో బ్లాక్ హాక్ యుద్ధానికని ఇల్లినాయ్‌లో పోగైన ఒక వాలంటీర్ల దళం తన కెప్టెన్‌ని తనే ఎన్నుకుంది. గెలిచినవాడికి 23 ఏళ్ళు. న్యూ సేలం అనే పల్లెలో కొట్లో గుమాస్తాగా చేసినవాడు. పేరు ఏబ్రహం లింకన్. ఆ తర్వాత ఏ గెలుపూ తనకంత సంతోషం ఇవ్వలేదని రాసుకున్నాడు. అధ్యక్షుడు కాకముందు రాసిన మాటే అనుకోండి.

సైనికులు ఓట్లేసి అధికారిని ఎంచుకోవడమేమిటి? మేనేజర్‌ని మా టీమే ఎన్నుకుంటే ఎలా ఉంటుందా అని కాసేపు నవ్వుకున్నాను. తీరా చూస్తే అది రాష్ట్ర రాజ్యాంగాల్లోనే రాసి ఉంది. మిలీషియా అంటే జీతాల సైన్యం కాదు, అవసరమొస్తే తుపాకీ పట్టుకొచ్చే ఊరి జనం. అధికారుల నియామకాన్ని 1787 నాటి ఫెడరల్ రాజ్యాంగం కూడా రాష్ట్రాలకే వదిలేసింది. అప్పటికే తలో రాష్ట్రానిదీ తలో దారి. 1776లో వర్జీనియా, కౌంటీ కోర్టుల సిఫార్సు మీద గవర్నర్ నియమించాలంది. అంటే పెద్దమనుషుల మాటే. అదే ఏడాది పెన్సిల్వేనియా, కల్నల్ దాకా ఎన్నుకునే హక్కు జనానిదే అంది.

నన్ను ఆపేసింది 1780 నాటి మసాచుసెట్స్ రాజ్యాంగం. అందులో నియామకం మెట్లుమెట్లుగా ఉంటుంది. దళం కెప్టెన్‌నీ అతని కింది అధికారులనీ ఎన్నుకుంటుంది, వాళ్ళు రెజిమెంట్ అధికారులని, వాళ్ళు బ్రిగేడియర్లని. మేజర్ జనరల్‌ని మాత్రం శాసనసభలు నియమిస్తాయి. గవర్నర్‌కి ఓటెయ్యాలంటే 60 పౌండ్ల ఆస్తో, ఏటా 3 పౌండ్ల రాబడినిచ్చే భూమో ఉండాలి. కెప్టెన్‌కి ఓటెయ్యడానికి అవేమీ అక్కర్లేదు. దళం జాబితాలో పేరుండి, 21 నిండితే చాలు. గవర్నర్ విషయంలో నోరెత్తే వీల్లేని బీదవాడికి, తనని చావుకి ఎదురు నడిపించేవాడి విషయంలో మాట ఉంది!

దీనికో ఇబ్బందీ ఉంది. 1786లో అప్పుల్లో మునిగిన రైతులు కోర్టుల మీదకి వెళ్ళినప్పుడు, వూస్టర్‌లో మిలీషియా వాళ్ళకి ఎదురు నిలవడానికి రాలేదు. ఊరి జనమే మిలీషియా, ఎవరి మీద కాలుస్తారు? చివరికి బోస్టన్ వర్తకుల డబ్బుతో వేరే సైన్యాన్ని కూడగట్టాల్సొచ్చింది. ఆ 'ఊరి జనం'లో అందరూ లేరు కూడా. 1792 ఫెడరల్ చట్టం మిలీషియాలో చేర్చుకోమన్నది తెల్లవాళ్ళని మాత్రమే.

అయినా మసాచుసెట్స్ వెనక్కి తగ్గలేదు. 1821 సవరణతో 21 నిండని కుర్రాళ్ళకీ కెప్టెన్ ఎన్నికలో ఓటిచ్చింది. యుద్ధానికి పనికొచ్చే వయసు ఓటుకి ఎందుకు పనికిరాదు అన్న ఇదే వాదన వియత్నాం రోజుల్లో మళ్ళీ లేచింది. దేశమంతటా 18 ఏళ్ళకే ఓటు వచ్చింది 1971లో.