అగ్గువ ధర, అరువు పద్దు: కోసాడ్ నుంచి ఒక సింహావలోకనం

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది సూరత్‌ను ముంచేసింది. అదే ఏడు సూరత్ నగరపాలక సంస్థ తన పొలిమేరలు పెంచుకుని, తాపీకి ఉత్తరాన ఉన్న అమ్రోలీ, కోసాడ్ లాంటి ఊళ్లను కలుపుకుంది. ఆ జనవరి 26న బిగ్ బజార్ ‘అన్నిటికన్నా చవకైన రోజు’ అంటూ దేశమంతా జనాన్ని తన గుమ్మాల ముందు నిలబెట్టింది. నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన మొట్టమొదటి దుకాణాలను హైదరాబాద్‌లో తెరిచింది. ఆ నెలాఖరుకే, భారతి సంస్థతో కలిసి ఇండియాకు వస్తున్నామని వాల్‌మార్ట్ ప్రకటించింది. చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించి తీరాలన్న ఎంఎస్ఎంఈ చట్టం కూడా ఆ ఏటిదే. ఇవన్నీ ఒకే కథలో ముక్కలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మాత్రం, భారీ డిస్కౌంటు దుకాణాలు ఊరికి మేలు చేశాయా, కీడు చేశాయా అన్న ప్రశ్నకు జవాబు వెతకడం ఆ ఏడు నుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది.

కోసాడ్ ముంబై–అహ్మదాబాద్ రైలు మార్గంలో ఒక చిన్న స్టేషన్. సూరత్ దాటి తాపీ వంతెన ఎక్కితే ముందు ఉత్రాణ్, ఆ తర్వాత కోసాడ్. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద నగరపాలక సంస్థ ఇక్కడ పేదలకు బారులు బారులుగా ఇరుకు ఫ్లాట్లు కట్టింది. మురికివాడలు ఖాళీ చేయించి తెచ్చిన కుటుంబాలను వాటిలో దింపింది. పక్కనే అమ్రోలీలో మరమగ్గాల షెడ్లు. వాటిలో ఎక్కువమంది ఒడిశా గంజాం జిల్లా నుంచి వచ్చిన కార్మికులు. మన తెలుగువాళ్ల అసలు పట్టు లింబాయత్, ఉధ్నా వైపు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా ఉంటున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత జనాభా అది. అమ్రోలీ అయినా లింబాయత్ అయినా మగ్గం మీద బతుకు లెక్క ఒకటే: కూలి మీటరుకింత, పగార్ చాలాచోట్ల పదిహేను రోజులకోసారి.

ఈ పదిహేను రోజుల సంగతి పక్కన పెడితే డిస్కౌంటు దుకాణం గురించి ఏం మాట్లాడినా గాలిలో మాటే. పగార్ వచ్చిన రోజు జేబు నిండుగా ఉంటుంది, పదో రోజుకు ఖాళీ. ఆ మిగిలిన రోజులను నడిపేది సందు చివరి కిరాణా కొట్టు. అక్కడ ఖాతా పుస్తకంలో ఒక పేజీ తిప్పి చూస్తే పావుకిలో కందిపప్పు, చిన్న నూనె పౌచ్, టీ పొడి పొట్లం, రెండు షాంపూ సాషేలు, ఒక బీడీ కట్ట కనిపిస్తాయి. ఎదురుగా తేదీ, రాసినవాడికి తప్ప మరెవరికీ అర్థంకాని అంకెలు. పగార్ రోజున సగం కొట్టేస్తారు, సగం కింది పేజీకి దిగుతుంది. నెలకు సరిపడా అయిదు కిలోల పప్పు ఒక్కసారే కొంటే కిలోకు ఎంత మిగులుతుందో ఆ ఇంటి ఇల్లాలికి తెలియక కాదు. అయిదు కిలోలకు ఒకేసారి ఇచ్చే డబ్బు చేతిలో ఉండదు, తెచ్చినా పెట్టుకునే చోటు ఉండదు.

అలాగని కిరాణా కొట్టు యజమానిని పుణ్యపురుషుణ్ణి చేయనక్కర్లేదు. అరువు ఇచ్చేవాడు ధరలో దాని వడ్డీ కలుపుకుంటాడు. ఖాతా ఉన్నవాడు బేరం ఆడలేడు. పురుగు పట్టిన పప్పు ఇచ్చినా నోరు మూసుకుని తీసుకోవాల్సిందే. కొట్టు ముందు నిలబడితే ఎవరు, ఏ కులం, కిందటి బాకీ ఎంత అన్న లెక్కలు చూపులోనే తేలిపోతాయి. పెద్ద దుకాణంలో ఆ బాధ లేదు. ట్రాలీ తోసుకుంటూ, సరుకు చేత్తో తీసి చూసుకుని, ముద్రించిన ధర చదువుకుని కొనుక్కోవచ్చు. మన సామాజిక చరిత్రలో ఇది చిన్న విషయమేమీ కాదు. మాల్‌ల మీద విమర్శలు రాసేవాళ్లం, నాతో సహా, దీన్ని తేలిగ్గా దాటేస్తుంటాం.

నగదు ఇస్తేనే చవక అన్న సూత్రం మాల్‌లతో పుట్టింది కాదు. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ నేతకార్మికులు పెట్టుకున్న సహకార దుకాణంలోనే అరువు నిషిద్ధం. ఆ స్ఫూర్తితో 1904లో మద్రాసులో ట్రిప్లికేన్ సహకార సంఘం వచ్చింది. 1948లో బొంబాయిలో అప్నా బజార్, 1966లో రూపాయి విలువ తగ్గించాక ధరలు మండిపోతే ఢిల్లీలో సూపర్ బజార్. మన వైపు 1999 జనవరిలో రైతుబజార్లు. వీటి పద్ధతులు వేరైనా అన్నీ దళారీ ఖర్చు తగ్గించి జనానికి అగ్గువగా అమ్ముదామన్నవే. నవీ ముంబైలోని నెరూల్‌లో 1999లో ఒక అప్నా బజార్ ఫ్రాంచైజీ తీసుకుని వ్యాపారం నేర్చుకున్న వ్యక్తి షేర్ మార్కెట్ మదుపరి రాధాకిషన్ దమానీ. 2002లో పొవాయ్‌లో ఆయన తెరిచిన దుకాణమే డీమార్ట్. సహకార ఉద్యమం అరిగిపోయిన చోట దాని పాఠం ఒక పెట్టుబడిదారుడి చేతికి చిక్కిందన్నమాట.

దమానీ చేసింది చెప్పడానికి తేలిక. అద్దెకు పోకుండా వీలైనంత వరకు స్థలం సొంతానికే కొన్నాడు. రకాలు తక్కువ పెట్టాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, మిగతా గొలుసు దుకాణాలు వారాల తరబడి తిప్పుకునే రోజుల్లో, సరఫరాదారులకు వారం పది రోజుల్లో డబ్బు కట్టేశాడు. తొందరగా డబ్బు ముట్టినందుకు వాళ్లు ధర తగ్గిస్తారు. ఆ తగ్గింపే మన బిల్లులో కనబడేది. 2017 మార్చిలో 299 రూపాయలకు అమ్మిన షేరు మొదటి రోజే రెట్టింపు దాటింది. 2025 మార్చి నాటికి 415 దుకాణాలు. గుజరాత్‌లోనూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాని విస్తరణ గట్టిగానే ఉంది. శనివారం సాయంత్రం అక్కడ బిల్లు వరుసలో నిలబడ్డవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు.

మిగతావాళ్ల దారి వేరు. 1986లో హైదరాబాద్‌లో మొదలైన త్రినేత్ర మన మధ్యతరగతికి సూపర్ మార్కెట్ అలవాటు చేసి, చివరికి ఆదిత్య బిర్లా చేతిలో ‘మోర్’గా మారింది. 1997లో చెన్నైలో పుట్టిన సుభిక్ష 2008 నాటికి దాదాపు 1,600 దుకాణాలకు పెరిగింది. మరుసటి ఏడాదికి షట్టర్లు దించేసింది. జీతాలు ఆగాయి, సరుకు వేసినవాళ్ల బాకీలు ఆగాయి. 2001లో కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరుల్లో మొదలైన బిగ్ బజార్ ఇరవయ్యేళ్లు ఏలింది. అప్పుల్లో కూరుకుని, రిలయన్స్‌కు అమ్మకం మీద అమెజాన్‌తో నడిచిన వ్యాజ్యంలో నలిగి, 2022లో దుకాణాలు చాలా భాగం రిలయన్స్ అధీనంలోకి వెళ్లాయి. 2024లో దాన్ని నడిపిన కంపెనీ లిక్విడేషన్‌కు చేరింది. ఇలాంటి పతనాల్లో బ్యాంకుల నష్టం పేపర్లో వస్తుంది. అప్పడాలు, పచ్చళ్లు, లుంగీలు వేసిన చిన్న సరఫరాదారు పేరు రుణదాతల జాబితాలో ఏ అట్టడుగునో ఉంటుంది.

కిరాణా కొట్లు ఏమయ్యాయి? 2007లో రాంచీలో, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో రిలయన్స్ ఫ్రెష్ దుకాణాల మీద గొడవలు జరిగాయి. కేంద్రం అడిగితే ఇక్రియర్ అనే పరిశోధన సంస్థ 2008లో నివేదిక ఇచ్చింది: పెద్ద దుకాణం పక్కన ఉన్న చిన్న కొట్ల అమ్మకాలు, లాభాలు మొదట తగ్గుతాయి, ఆ దెబ్బ కాలక్రమంలో సర్దుకుంటుంది. విదేశీ గొలుసుల విషయంలో 2012 సెప్టెంబరులో 51 శాతం పెట్టుబడికి కేంద్రం తలుపు తీసి, అమలు మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సరేనంది, గుజరాత్ ఒప్పుకోలేదు. రెండింటికీ తేడా ఏమైనా వచ్చిందా అంటే పెద్దగా లేదు. ఆ దారిన వచ్చిన పేరున్న సంస్థ టెస్కో ఒక్కటే, అదీ టాటా వారి ట్రెంట్‌తో కలిసి. వాల్‌మార్ట్ హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల్లో టోకు దుకాణాలతో సరిపెట్టుకుని, చివరికి 2018లో ఫ్లిప్‌కార్ట్‌ను కొని ఫోన్ తెర మీదుగా ఇళ్లలోకి వచ్చింది. అన్నేళ్లు పార్లమెంటు అరిచిన ప్రశ్న పక్క సందులోంచి దాటిపోయింది.

వాల్‌మార్ట్ సొంతగడ్డ అమెరికాలో ఈ తగాదాకు వయసు ఎక్కువ. గొలుసు దుకాణాల నుంచి చిన్న వర్తకులను కాపాడాలని 1936లోనే అక్కడ చట్టం చేశారు. శామ్ వాల్టన్ తొలి వాల్‌మార్ట్ దుకాణం 1962లో తెరిచాడు. తర్వాత దశాబ్దాల్లో ఆర్థికవేత్తలు రెండు వైపులా లెక్కలు తేల్చారు. ధరలు తగ్గాయన్నది నిజమే, చుట్టుపక్కల చిన్న ఊళ్ల వర్తకం తగ్గిందన్నదీ నిజమే. నన్ను ఈ లెక్కలన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది నార్త్ కరోలినాలోని ఓరియెంటల్ అనే చిన్న ఊరి కథ. 2014లో అక్కడ వాల్‌మార్ట్ ఎక్స్‌ప్రెస్ పెట్టారు. పోటీకి తట్టుకోలేక ఊళ్లో ఉన్న కుటుంబ కిరాణా దుకాణం 2015 అక్టోబరులో మూతపడింది. మూడు నెలలు తిరక్కుండానే, 2016 జనవరిలో, ఆ ఎక్స్‌ప్రెస్ దుకాణాలన్నిటినీ ఎత్తేస్తున్నట్టు వాల్‌మార్ట్ ప్రకటించింది. ఊరికి రెండూ లేకుండా పోయాయి.

కోసాడ్‌లాంటి చోట అలా జరిగే భయం తక్కువే. అరువు అవసరం ఉన్నంత కాలం సందు కొట్టు బతుకుతుంది, ఇలాంటి కాలనీల్లో నేల అంతస్తు గదే దుకాణం అవుతుంది. కాకపోతే అది ఎవరితో బతుకుతుందన్నది చూడాలి. నెలజీతం వచ్చే ఇంటివాళ్లు నెలవారీ సరుకులకు పెద్ద దుకాణానికి పోతారు. కొట్టుకు మిగిలేది నెల మధ్యలో చేయి ఖాళీ అయినవాళ్లు. నగదు ఇచ్చే గిరాకీ పోయి అరువు గిరాకీ మిగిలితే, ఆ అరువు భారాన్ని మోసే లాభం ఎక్కడి నుంచి వస్తుంది? ధర ఇంకాస్త పెంచాలి, లేదా అరువు తగ్గించాలి. రెండింటి దెబ్బా పడేది మగ్గం కార్మికుడి ఇంటి మీదే. గొలుసు దుకాణం ఊరికి చేసే కీడు ఏదైనా ఉంటే అది ఇక్కడ ఉందని నా అభిప్రాయం. అది నివేదికల్లో దుకాణాల లెక్కలో కనబడదు, ఖాతా పుస్తకంలో కనబడుతుంది.

సూరత్ విషయంలో ఇంకో మలుపు ఉంది. ఈ నగరం డిస్కౌంటుకు గిరాకీదారే కాదు, డిస్కౌంటు పుట్టిల్లు కూడా. ఆషాఢం వచ్చిందంటే మన ఊళ్లలో షాపింగ్ మాల్‌లు ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అంటాయి, చీరలు కిలోల లెక్కన తూచి అమ్ముతాయి. ఆ పాలిస్టర్ చీరల్లో ఎన్నో సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి వచ్చినవే. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో ఒక మాల్ పది రూపాయలకే చీర అంటే తొక్కిసలాట జరిగి ఆడవాళ్లు గాయపడ్డారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచినప్పుడు, సిరిసిల్ల మగ్గాలు సకాలంలో అన్ని నేయలేకపోతే, చాలా చీరలు సూరత్ నుంచే తెప్పించారు. నాసిరకమని కొన్నిచోట్ల ఆడవాళ్లు వాటిని తగలబెట్టారు. ఆ మంటల్లో కాలిన గుడ్డ కొంత లింబాయత్ మగ్గం మీద కరీంనగర్ చేతులే నేసి ఉంటాయన్న మాట ఆ రోజు చర్చల్లో ఎవరి నోటా రాలేదు.

ఆ మార్కెట్ నడిచేది కూడా అరువు మీదే. మాల్‌కు చీర పంపిన వ్యాపారికి డబ్బు రెండు మూడు నెలలకు, ఒక్కోసారి నాలుగు నెలలకు వస్తుంది. ఆ గడువును అక్కడ ‘ధారా’ అంటారు. ముందే కడితే ధరలో కొంత కోసుకుంటారు. అమ్ముడుపోని సరుకు వెనక్కి వస్తుంది. కొన్న పార్టీ రాత్రికి రాత్రి దుకాణం ఎత్తేస్తే బాకీ మునిగినట్టే. వ్యాపారి డబ్బు ఆగితే రంగు వేయని గ్రే గుడ్డ నేయించే షెడ్డు యజమానికి ఆగుతుంది, అతనికి ఆగితే పగార్ నాలుగు రోజులు వెనక్కి పోతుంది. ఖాతా పేజీ ఇంకో నాలుగు రోజులు పెరుగుతుంది. హైదరాబాద్‌లో సగం ధర బోర్డుకు కోసాడ్ కిరాణా కొట్టు ఇలా పెట్టుబడి పెడుతున్నది. బోర్డు కింద చీరలు ఏరుకుంటున్న మనకు దాని సంగతి తెలిసే దారి లేదు.

ఈ గొలుసును విప్పడానికి కేంద్రం ఒక ప్రయత్నం చేసింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోని 45 రోజుల గడువుకు పన్ను లింకు పెట్టింది. సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు ఆ గడువులోగా డబ్బు చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ ఖర్చును ఆదాయం నుంచి తీసివేయనివ్వరు. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే ఈ క్లాజు తొలి దెబ్బ 2024 మార్చి నెలాఖరుకు తగిలింది. సూరత్‌లో కలకలం రేగింది. డబ్బు కట్టడం కన్నా సరుకు తిప్పి పంపడం మేలని కొందరు కొనుగోలుదారులు అనుకున్నారు. ఆర్డర్లు ఆగాయి. అమలు వాయిదా వేయమని వ్యాపార సంఘాలు ఢిల్లీకి మొరపెట్టుకున్నాయి. ఎవరి మేలు కోసం ఆ క్లాజు పెట్టారో ఆ చిన్న యూనిట్లలోనే కొందరు, అరువు మీద అమ్ముకునే గిరాకీ చేజారకూడదని, చిన్న యూనిట్లుగా తమ ‘ఉద్యమ్’ నమోదును రద్దు చేసుకోవడానికి సిద్ధపడ్డారు.