కవచం ఒంటరైతే: కాంచన్‌బాగ్ నుంచి కిష్టారం దాకా

యుద్ధట్యాంకును కాపాడే కవచం మీదా, దాన్ని ఛేదించే క్షిపణి మీదా మన హైదరాబాద్‌లోనే దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కాంచన్ కవచం కాంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలలో రూపుదిద్దుకుంది. ట్యాంకు విధ్వంసక క్షిపణి నాగ్‌ను 1983లో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమంలో భాగంగా ఇక్కడి క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ చేపట్టింది. మిలాన్, కొంకుర్స్ క్షిపణులను భారత్ డైనమిక్స్ విదేశీ లైసెన్సుతో తయారు చేసింది. ఈ రెండు పక్షాల పోటీని మాత్రం మనం ఎప్పుడూ ఒకే అంకెతో కొలుస్తుంటాం: ఎన్ని మిల్లీమీటర్ల ఉక్కును చీల్చింది, ఎన్ని మిల్లీమీటర్లు తట్టుకుంది? ఆ అంకె అబద్ధం కాదు, కానీ అసలు సంగతి చెప్పదు. భుజం మీది రాకెట్ ఎంత పనిచేస్తుందన్నది ఆ కవచం చుట్టూ ఎవరున్నారు, అది ఎక్కడికి, ఎలా వచ్చింది అన్న విషయాలను బట్టే ఎక్కువగా తేలుతుంది. ఎనభై ఏళ్ల చరిత్ర ఇదే చూపుతోంది. ట్యాంకే అడుగుపెట్టని భద్రాచలం అడవి సరిహద్దు కూడా ఇదే పాఠం చెబుతోంది.

తుపాకీ గుండు వేగంతో ఉక్కును చీలుస్తుంది. భుజం మీది రాకెట్‌కు అంత వేగం అక్కర్లేదు. దాని తలలోని మందుకు ముందువైపు శంకువు ఆకారంలో గుంట ఉంటుంది, ఆ గుంటకు రాగి లాంటి లోహపు పొర ఉంటుంది. మందు పేలగానే ఆ లోహం సన్నని ధారగా మారి విపరీతమైన వేగంతో కవచంలోకి దూసుకుపోతుంది. అందుకే ఒక్క సిపాయి మోయగలిగే గొట్టం కూడా ట్యాంకును దెబ్బతీయగలిగింది. 1942లో అమెరికా బజూకా, 1943లో జర్మనీ పంజెర్‌ఫౌస్ట్ రంగంలోకి వచ్చాయి. కానీ తొలి పంజెర్‌ఫౌస్ట్ గురి సుమారు 30 మీటర్లే. అంటే ట్యాంకును కొట్టాలంటే దాని దాపులకే చేరాలి. చుట్టూ కాల్బలం కాపు కాస్తుంటే అంత దగ్గరికి వెళ్లడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. 1961లో సోవియట్ సైన్యం చేపట్టిన ఆర్‌పీజీ-7 గురిని వందల మీటర్లకు పెంచింది, దాని తొలి రాకెట్ దాదాపు 260 మిల్లీమీటర్ల ఉక్కును చీల్చగలిగేది. 1973 అక్టోబరులో సూయెజ్ కాలువ ఒడ్డున ఈజిప్టు సిపాయిలు ఈ రాకెట్లతో, సాగర్ క్షిపణులతో ఇజ్రాయెల్ ట్యాంకులను చిత్తు చేసినప్పుడు ట్యాంకు యుగం ముగిసిందని చాలామంది తీర్మానించారు. అయితే ఆ తొలి రోజుల్లో ట్యాంకులు తగినంత కాల్బలం, ఫిరంగుల అండ లేకుండానే దాడికి దిగాయి. పద్ధతి మార్చుకున్న ఇజ్రాయెల్ సైన్యమే ఆ నెల మధ్యలోనే కాలువ దాటింది. కొద్ది రోజుల్లో ట్యాంకుల ఉక్కు మందం పెరగలేదు, వాటిని నడిపిన తీరు మారింది.

ఆ తర్వాత కవచం కూడా చాలా మారింది. 1976లో బ్రిటన్ ప్రకటించిన చోభమ్ కవచంలో ఉక్కుతో పాటు ఇతర పదార్థాల పొరలు చేరాయి. 1982లో లెబనాన్‌లో ఇజ్రాయెల్ ట్యాంకుల మీద, తగిలిన దెబ్బకు తామే పేలి లోహధారను చెదరగొట్టే పెట్టెలు కనిపించాయి. దానికి జవాబుగా 1980ల చివర్లో ఆర్‌పీజీ-7కు జంట తలల రాకెట్ వచ్చింది: మొదటి తల పెట్టెను పేల్చేస్తుంది, రెండోది కవచాన్ని చీలుస్తుంది. ఈ వరసను మాత్రమే చూస్తే పోటీ అంతా పదార్థాలదే అనిపిస్తుంది. కానీ 1994 డిసెంబరు 31న చెచెన్యా రాజధాని గ్రోజ్నీలోకి వెళ్లిన రష్యా 131వ బ్రిగేడ్ 26 ట్యాంకుల్లో 20 పోగొట్టుకున్నది కొత్త రాకెట్ల వల్ల కాదు. ఇళ్ల మధ్య సందుల్లో ఆ ట్యాంకులకు కాల్బలం తోడు లేదు. చెచెన్లు మేడల మీది నుంచి, నేలమాళిగల నుంచి పలుచని పక్కలనూ పైకప్పునూ కొట్టారు. బ్రిటిష్ చాలెంజర్-2 ట్యాంకు 2003లో ఇరాక్‌లోని బస్రా దగ్గర అనేక ఆర్‌పీజీ దెబ్బలు తిని నిలబడింది. 2006లో అల్ అమారాలో ఆర్‌పీజీ-29 రాకెట్ ఒక్కటి అదే రకం ట్యాంకు దిగువ భాగాన్ని చీల్చి డ్రైవర్‌ను గాయపరిచింది. రాకెట్ మారిన మాట నిజమే, కానీ దెబ్బ తగిలిన చోటు కూడా అంతే ముఖ్యం.

పైనుంచి పడే క్షిపణుల కాలంలో ఈ వాదన చెల్లుతుందా అని అడగవచ్చు. ప్రశ్న బలమైనదే. 2022లో యుక్రెయిన్‌లో జావెలిన్, ఎన్‌లా ఆయుధాలు ట్యాంకు పైకప్పు మీదే దెబ్బతీశాయి. సిపాయి మోసుకెళ్లగల మన సొంత క్షిపణిని 2019 సెప్టెంబరులో కర్నూలు పరీక్షా క్షేత్రంలో పరీక్షించారు. ఇలాంటి క్షిపణులు చేరే దూరం పెరిగే కొద్దీ కాల్బలం కాపు కాయాల్సిన పరిధి కూడా పెరుగుతుంది. వచ్చే రాకెట్‌ను గాల్లోనే కూల్చే ట్రోఫీ వ్యవస్థ 2011లో గాజా సరిహద్దులో తొలిసారి ఫలించింది. అయినా యుక్రెయిన్‌లో మొదటి వారాల్లో ఎక్కువగా నష్టపోయినవి రోడ్ల మీద బారులు తీరి, ఇంధనం కోసం ఎదురుచూస్తూ, పక్క అడవుల్లో గస్తీ లేకుండా కదిలిన వాహన శ్రేణులే. కొత్త క్షిపణి పాత తప్పుకు పడే శిక్షను పెంచింది, తప్పును మాత్రం మార్చలేదు.

ఇక ఉమ్మడి ఖమ్మం సరిహద్దు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవులకు అవతల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ ప్రాంతాల్లో మావోయిస్టులకూ ప్రభుత్వ బలగాలకూ జరిగిన పోరులో ట్యాంకులు లేవు. మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారైనటువంటి మందుపాతర నిరోధక వాహనాలు ఉన్నాయి. మావోయిస్టులు రాకెట్ల కోసం ప్రయత్నించకపోలేదు. చెన్నై శివారు కార్ఖానాల్లో విడిభాగాలుగా చేయించిన వందలాది రాకెట్లు 2006 సెప్టెంబరులో మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో పట్టుబడ్డాయి. అయినా ఈ అడవి దారుల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది మందుపాతరే. 2018 మార్చి 13న తెలంగాణ సరిహద్దుకు దగ్గరలోని కిష్టారం వద్ద అలాంటి వాహనాన్నే పేల్చివేయగా 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు.

మందుపాతరకూ రాకెట్‌కూ పోలికేమిటని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఒకటి సన్నని లోహధారతో చీలుస్తుంది, మరొకటి పేలుడు తాకిడితో ఎత్తి పడేస్తుంది. భౌతికశాస్త్రం వేరైనా, రక్షణ లెక్కలో లోపం ఒకటే. ఏ కవచమైనా ఒక పరిమితి వరకే దెబ్బను తట్టుకునేలా తయారవుతుంది. ఎంత మందు, ఏ చోట, ఎప్పుడు అన్నది ఎదుటివాడు నిర్ణయిస్తాడు. రోడ్డుకు కట్టుబడిన వాహనం ఆ నిర్ణయాన్ని అతనికి ఇంకా తేలిక చేస్తుంది. 2011లోనే సీఆర్‌పీఎఫ్ అధిపతి కె. విజయ్‌కుమార్ ఈ వాహనాలను కదిలే శవపేటికలతో పోల్చారు. 1989లో ఏర్పడిన పోలీసు ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ రోడ్డును నమ్ముకోకుండా రోజుల తరబడి అడవిలో కాలినడకన తిరిగే పద్ధతిని అలవరచుకుంది. కవచాన్ని వదిలిన వాడికి అడవే మరుగైంది.

దీనర్థం కవచం వృథా అని కాదు. కాంచన్‌బాగ్ శాస్త్రవేత్తల శ్రమ ఎందరో ట్యాంకు సిబ్బందికి బతికే అవకాశాన్ని పెంచుతుంది, అది గౌరవించదగిన పని. గాయపడినవారిని మోయడానికీ, సరకు చేర్చడానికీ గట్టి వాహనం కావాలి. నేను కాదంటున్నది ఉక్కు మందమే భద్రత అన్న నమ్మకాన్ని. ఆ నమ్మకం వల్లే ముందు నడిచి దారి తనిఖీ చేయాల్సిన మనిషిని, పక్క ఇళ్లను గమనించాల్సిన కాల్బలాన్ని పొదుపు చేయవచ్చనిపిస్తుంది. ఆ పొదుపు ఖరీదును లోపల కూర్చున్న కుర్రాళ్లు చెల్లిస్తారు. అదే దారిలో పాతిన మందు మీద కాలు పడితే వంటచెరకు కోసం వెళ్లిన ఆదివాసీ కూడా చెల్లిస్తాడు. కొత్త రాకెట్ ఎంత చీల్చిందో, కొత్త కవచం ఎంత ఆపిందో చెప్పే వార్త వచ్చినప్పుడల్లా, ఆ వాహనం పక్కన నడిచేది ఎవరని కూడా అడగాలి. కవచం విలువ ఆ జవాబును బట్టే తేలుతుంది.