ఎనియాక్ చెప్పిన ఆయుర్వేదం

ఇంటి కంప్యూటరు దీర్ఘాయువు కోరేవారికి నేను దాని ముత్తాత కథ చెబుతుంటాను. 1946లో ఫిలడెల్ఫియాలో లోకానికి పరిచయమైన ఎనియాక్‌లో, పాత రేడియోలలో మనమెరిగిన వాల్వుల వంటివి సుమారు 18,000 ఉండేవి. ఒక్కటి మాడినా లెక్క తప్పేది. రూపశిల్పి ఎకర్ట్ వాటిని శక్తికి మించి శ్రమపెట్టక, తక్కువ విద్యుత్తుతోనే నడిపించాడు. వెలిగించినపుడు, ఆర్పినపుడు కలిగే వేడిమార్పుకే అవి ఎక్కువగా చెడుతున్నాయని గ్రహించి, యంత్రాన్ని ఆర్పడమే మానివేశారు. 1954లో అది 116 గంటలు నిరాటంకంగా పనిచేసింది. 1955 అక్టోబరులో విశ్రమించింది.

నేటి చిప్పులలో కాలే తీగ లేదు గనుక రాత్రింబవళ్ళు వెలిగించి ఉంచనక్కరలేదు. అయితే వేడి అనే శత్రువు మాత్రం మారలేదు. ఫ్యాను రంధ్రాలలో దుమ్ము పేరుకుంటే ఆ వేడికి దారి మూసుకుపోతుంది. అప్పుడప్పుడు ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో దులపండి. గోడకు జానెడు ఎడంగా ఉంచండి. యంత్రానికైనా ఊపిరాడాలి కదా!